దబీర్‌పురా స్టేషన్‌లో కొంగుముడి

డెబ్బైలలో ఒక మధ్యాహ్నం, దబీర్‌పురా స్టేషన్‌లో ఒక ముసలి దంపతుల పక్కన కూర్చున్నాను. ఆమె తన చీర కొంగును ఆయన మణికట్టుకు ముడివేసుకుంది.

"బర్లు పిండాలె" అంటూ ఆయన లేచినప్పుడల్లా కొంగు గుంజుకుపోయి ఆమె వంగిపోయేది.

"బర్లను అమ్మి మస్తు ఏండ్లాయె. ఈయనకు యాది లేదు. నన్నే ఎవ్వలంటడు. దవాఖాన్ల ముసలితనమే, మందు లేదన్నరు" అంది నాతో.

ఎదురు బెంచీ మీద ఒకాయన నవ్వాడు. "ఈ వయసుల కొంగుముడి ఏందమ్మా?"

"పెండ్లిల ఏసిన ముడి ఆ దినమే ఇప్పిండ్రు బిడ్డా. దీన్ని ఇప్పెటోళ్లు లేరు."

"నేను పట్టుకుంట, జర మొకం కడుక్కరాపో అమ్మా" అన్నాను.

ఆమె నా చేతులవంక చూసింది. తర్వాత ముడి విప్పి, ఆయన మణికట్టును నా చేతిలో పెట్టింది.

ఆయన గుంజుతూనే ఉన్నాడు. నా వేళ్లు నొప్పెట్టాయి. అంతలో నా రైలొచ్చింది. ఆమె ముఖం కడుక్కుని, నల్లా దగ్గరే కళ్లు మూసుకుని ఊరికే నిలబడి ఉంది. పిలవబుద్ధి కాలేదు. రైలు వెళ్లిపోయింది.

ఇప్పటికీ అలాంటి రోగి ఉన్న ఇంటికి పండ్లు తీసుకుపోను. "నేను కూసుంట, నువ్వు బయట తిరిగిరా" అంటాను, చూసుకునే మనిషితో. ఎవరూ వెంటనే లేవరు. ముందు నా చేతులవంక చూస్తారు.