హూరియా కొన్న లైటు

దేశానికి దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డునున్న బ్లఫ్ ఊళ్లో హూరియా నోటికి జడవని మనిషి లేడు. ఫలానావాడు మంచివాడా చెడ్డవాడా అని ఆవిడ ఎవర్నీ వాకబు చెయ్యదు. చేతిలో ఏ టార్చిలైటు పట్టుకున్నాడో చూస్తుంది, అంతే, వాడి బతుకంతా అక్కడికక్కడే తేల్చి పారేస్తుంది. మూరెడు పొడుగు లైటు తెచ్చినవాడు కనిపిస్తే "వీడికి ఇంట్లో మాట చెల్లుబడి కాదు, అందుకే ఇంతది కొన్నాడు" అంటుంది. నుదుటికి లైటు కట్టుకు తిరిగేవాళ్లంటే మరీ లోకువ. "ఎదుటి మనిషి కళ్లలో పొడవకుండా ఒక్క మాట మాట్లాడలేరు, వీళ్లూ మనుషులేనా" అని వాళ్ల మొహం మీదే అనేస్తుంది.

అనే హక్కు లేకపోలేదు. ఏటా చలి ముదిరే రోజుల్లో ఊరిలో సగం కుటుంబాలు పడవలెక్కి దక్షిణాన దీవులకి పోతాయి, తీతీ అనే సముద్రపక్షుల పిల్లల వేటకి. తల్లుల్ని మించి బలిసిన ఆ పక్షి పిల్లలు పగలంతా బొరియల్లో దాక్కుని, చీకటి పడ్డాక బయటికొచ్చి రెక్కలు విదిలించుకుంటాయి. వాన కొట్టాలి, గాలి వీచాలి, ఆకాశంలో చందమామ ఉండకూడదు. అప్పుడు లైటు పట్టుకుని వెళ్లి ఏరుకోవడమే. ఆ లైటు పసుపు పచ్చగా, మెత్తగా, కాళ్ల దగ్గరే పడాలి. పైకెత్తి కొండకి కొట్టావా, నీ నేల మీదున్నవే కాదు, పక్క కుటుంబం నేల మీదున్నవి కూడా బిలబిలా బొరియల్లో దూరిపోతాయి. అక్కడ ఎవరి నేల వాళ్లది, ఎవరి వెలుగు వాళ్ల నేల దాటకూడదు. హూరియా ఈ పాఠాన్ని మూడు తరాలకి మొట్టికాయలతో నేర్పింది.

అసలు సంగతి వేరే ఉంది. రెండేళ్లుగా హూరియాకి చూపు ఆనడం లేదు. ఎటు చూసినా అంచులు తెలుస్తాయి, నడిమధ్య మసక. ఇన్వర్‌కార్గిల్ పట్నంలో కళ్ల డాక్టరు ఇది ఆపరేషనుతో పోయేది కాదని చెప్పాడు. "పాలు తాగే మొహం వాడూ, వాడికేం తెలుసు" అని ఇంటికొచ్చి కాగితాలు పొయ్యిలో పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేముంది, దీవి మొహం చూడనివ్వరు. ఆ నేలంతా బొరియలు, ఒక పక్క నిలువుగా సముద్రంలోకి దిగే కొండ చరియ. ఎప్పుడో ఒక ముసలాయన మసక కళ్లతో నడిచి నడిచి గాల్లోకి అడుగేశాడు. అప్పట్నుంచీ చూపు లేనివాళ్లు పడవెక్కకూడదని కట్టుబాటు. అది పెట్టించిన మహాతల్లి కూడా ఈ హూరియాయే.

దాంతో తప్పంతా లైట్ల మీదికి పోయింది. "ఈ కాలం లైట్లు చచ్చుపీనుగలు" అనేది. పాత లైటు పారేసింది. చుట్టాలు ఇచ్చినవి వెనక్కి విసిరింది. చివరికి ఈ ఏడు వేటకి ముందు, మంచిది తనే ఏరి కొనుక్కుంటానని ఇన్వర్‌కార్గిల్ బయల్దేరింది.

కారు నడిపింది గ్రేమ్. హూరియా పెంచిన మేనకోడలు మెరేయానాకి మొగుడు, సముద్రానికి దూరంగా గోర్ అనే ఊరి నుంచి వచ్చిన తెల్ల ప్లంబరు. పెళ్లినాటి నుంచీ హూరియా అతన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "అల్లుడుగారూ" అంటుంది, అనే తీరులో మాత్రం బూటుకంటిన బురద దులుపుతున్నట్టుంటుంది. మెరేయానా జబ్బు చేసి పోయింది. దీవి హక్కు రక్తానిది, భార్య పోయిన అల్లుడు అక్కడ కాలు పెట్టాలంటే ఇంటి పెద్ద ఊఁ అనాలి. హూరియా ఊఁ అంది. "బరువులు మొయ్యడానికి ఒకడుండాలిగా" అని కూడా అంది. గ్రేమ్‌కి అదే పదివేలు. మెరేయానా తన చేతుల్తో రంగు వేసిన గుడిసె అక్కడుంది. ఆమె పేరు రోజూ పదిమంది నోట వినపడేది కూడా అక్కడే.

షాపులో క్రెయిగ్ అనే సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. నవ్వేవాళ్లంటేనే హూరియాకి ఒళ్లు మంట.

"ఇది చూడండమ్మా, విమానాలకి వాడే లోహంతో చేశారు."

"నేను దాన్ని విమానంలా ఎగరేస్తానా? పక్షుల్ని పట్టే చేతులు ఖాళీ ఉండవు, నోట్లో కరిచి పట్టుకోవాలి. ఈ చలికి ఇనుము పళ్లకి అతుక్కుంటే నువ్వొచ్చి ఊడదీస్తావా?"

అతను రబ్బరు తొడుగున్నది తీశాడు. హూరియా మీట నొక్కి చూసింది. "పక్షి కొవ్వు అంటిన చేతి తొడుగుతో ఇది నొక్కుడు పడుతుందా? జారిపోతుంది. నువ్వు ఎప్పుడైనా ఒళ్లొంచి పని చేశావా నాయనా?"

మరొకటి తీశాడు. ఒకే మీట, ఐదు రకాల వెలుగు. ఎక్కువ, మధ్యరకం, తక్కువ, మరీ తక్కువ, ఆ తర్వాత టపటపా కొట్టుకోవడం. "దొంగల్ని బెదరగొట్టడానికి ఇది చాలా బాగుంటుంది" అన్నాడు.

"మా ఇంటికొచ్చే దొంగ నన్ను చూసే బెదురుతాడు" అంది హూరియా.

ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చన్న దాన్ని కూడా కొట్టిపారేసింది. "దీవి మీద కరెంటు మీ తాత ఇస్తాడా? మామూలు బ్యాటరీలు పట్టేది చూడు." ఇదంతా సబబైన మాటే, గ్రేమ్ కూడా తల ఊపాడు. వాన తట్టుకోవాలి, కింద పడ్డా బతకాలి, బ్యాటరీ ఎక్కడైనా దొరకాలి, చేతి తొడుగుతో వెలగాలి, వెలుగు మెత్తగా పరుచుకోవాలి. లైటు ఎలా ఎంచుకోవాలో ఆవిడ చెబుతుంటే ఇద్దరు కొనేవాళ్లు నిలబడి విన్నారు కూడా.

తర్వాత చీకట్లో చూస్తానని షాపు వెనక గోదాములోకి ఒక్కతే వెళ్లింది. మంచి లైట్లన్నీ వరసగా వెలిగించింది. ఎదురుగా ఉన్న పెట్టె మీద అక్షరం ఒక్కటీ కనపడలేదు. ఆఖరికి ఆ ఐదు రకాల దరిద్రాన్నే తీసి పూర్తిగా పెంచింది. పెట్టె మీద అక్షరాలు బయటికొచ్చాయి.

మంచి లైటొకటి అందరి ఎదుటా కొంది. సాయంత్రం ఫోను చేసి ఆ ఐదు రకాలదాన్ని కూడా పోస్టులో పంపించమంది. క్రెయిగ్ సంతోషపడి ఉంటాడు, వెధవ.

దీవికి వెళ్లాక మొదటి వారం పగటి వేట, చేత్తో బొరియల్లోంచి లాగడం. అది హూరియాకి కళ్లతో పనిలేని విద్య, ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్క గ్రేమ్‌కి తప్ప. ఆవిడ టీలో ఉప్పు కలుపుకుని, కలిపింది తనే అని ఒప్పుకోలేక కప్పు మొత్తం తాగేయడం అతను చూశాడు. నోరెత్తలేదు. నోరెత్తే రకం కాదు.

వాన పట్టింది, గాలి లేచింది, లైటు వేట మొదలైంది. పొద్దు గూకిన కాసేపటికే అందరూ తమ తమ నేలల మీదికి చేరారు. హూరియా మంచి లైటుతో నాలుగడుగులు వేసింది. కాళ్ల దగ్గర బూడిదరంగు గుడ్డ పరిచినట్టుందే తప్ప రాయేదో పక్షేదో తెలియలేదు. కోటు లోపల్నుంచి రెండోది తీసి వెలిగించింది.

అమ్మయ్య. ఎదురుగా తీతీ పిల్ల, మెడ మీద ఇంకా ఊడని నూగు, దాని నల్లటి కన్ను. రెండేళ్ల తర్వాత ఒక కన్నుని కన్నులా చూసింది. హూరియా ఉప్పొంగిపోయింది. ఇంకోటి చూద్దామని లైటు ఎత్తింది. ఇంకా ఎత్తింది. కొండంతా పట్టపగలైపోయింది. అటుపక్క తియోనే వాళ్ల నేల మీద కూడా పగలైంది. ఒక్క క్షణంలో కొండ మీద పక్షన్నది లేదు, అన్నీ బొరియల్లోకి పోయాయి. కేకలు లేచాయి. ఆవిడ కంగారుగా మీట పదేపదే నొక్కితే ఆరకపోగా, టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గ్రేమ్ పరుగున వచ్చి ఆవిడ చేతిలోంచి లాక్కుని ఎలాగో ఆర్పాడు.

తియోనే కొడుకులతో సహా వచ్చిపడ్డాడు. ఆ పక్క నేల కుటుంబానికి పెద్ద, మాట తూచి మాట్లాడే ముసలాయన, ఆ రోజు మాత్రం తూకం తప్పింది. "ఎవడిదా లైటు?"

లైటు గ్రేమ్ చేతిలో ఉంది. "నాదే" అన్నాడు.

హూరియా నోరు మూసుకున్నా సరిపోయేది. ఊరుకుంటే ఆవిడ హూరియా ఎందుకవుతుంది? "గోర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇన్నేళ్లు చెప్పాను, గోడకి చెప్పినట్టే" అని అందరి ముందూ తిట్టిపోసింది. అతను వానలో నిలబడి విన్నాడు. సిగ్గులేని ముసలిది, ఆ మాత్రం తిట్టేసరికి ప్రాణం కుదుటపడింది కూడా.

మర్నాడు ఈకలు పీకే పాకలో అందరూ పనిలో ఉన్నారు. తియోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"హూరియా, ఇంటి పెద్దవి నువ్వు, నీకే చెబుతున్నాను. రేపు పడవొస్తుంది, ఇతన్ని పంపించెయ్. మళ్లీ ఎప్పుడూ తీసుకురాకు. మా కుటుంబాలన్నీ అనుకున్న మాట ఇది."

హూరియా గ్రేమ్ వైపు తిరిగింది. ఇప్పుడు చెప్పేస్తాడు, చెప్పక ఏం చేస్తాడు, అనుకుంది.

"సరే" అన్నాడు గ్రేమ్. "గుడిసె పైరేకులు గాలికి లేస్తున్నాయి. పడవొచ్చేలోపు అవి బిగించి పోతాను."

హూరియాకి ఒళ్లు మండిపోయింది. ఇంత రోషం లేని మనిషిని తన జన్మలో చూడలేదు. మెరేయానా గుడిసెని శాశ్వతంగా వదిలి పొమ్మంటే, రేకులు బిగిస్తాడట రేకులు. చేతిలో పక్షిని బల్ల మీద పడేసింది.

"తియోనే, నీకు బుర్రుందా? ఈ మనిషిని చూడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా మా పిల్లని అడిగి మార్చేవాడు. వీడు కొంటాడా అంత లైటు? అయినా వీడికెందుకది, కళ్లున్నాయిగా."

పాకలో ఈకలు పీకే చప్పుడు ఆగిపోయింది.

"అది నాది. నాకు కనపడటం లేదు. నీ మొహం కూడా కనపడటం లేదు. చూసి తీరాల్సిన మొహమేం కాదనుకో. కానీ కనపడటం లేదు."

"అయితే, హూరియా, రేపటి పడవలో..." అని తియోనే మధ్యలో ఆపేశాడు.

"నేనెక్కుతానులే. కట్టుబాటు పెట్టించిందే నేను, నాకు చదివి వినిపించకు." ఆ మాట తన నోటితోనే అనాల్సి వచ్చినందుకు కోపమొచ్చి, ఆ కోపం గ్రేమ్ మీదికి మళ్లింది. "ఒరే గ్రేమ్, ఆ రేకులు తీరిగ్గా బిగించు. నువ్వు ఉంటావు. ఈ ఏడే కాదు, ప్రతి ఏడూ వస్తావు. ఇక్కడున్న అందరూ విన్నారుగా."

గ్రేమ్ లేచి నిలబడ్డాడు. "అత్తయ్యా..." అన్నాడు.

"ఏడవకు, అసహ్యంగా ఉంటుంది. ఇంకా పడవ రాలేదుగా, ఆ పక్షి ఇటివ్వు."

అతను పక్షిని తెచ్చి, ఆవిడ వెతుక్కోనక్కర్లేకుండా చేతుల్లో పెట్టాడు.