దొంగను బ్రతికించిన అనువాదం

నిన్న పాతసామాన్ల అంగడిలో చెక్కతలుపుల టీవీ కనబడింది. మిత్రులారా, ఆ తలుపులు తెరవగానే వచ్చే వార్నిష్ వాసన జ్ఞాపకమున్నదా?

నేను చదువుకునే రోజుల్లో, పొరుగింట్లోని అటువంటి టీవీలోనే మా అవ్వా నేనూ ఆర్థికమాంద్యపు రోజుల అమెరికా బ్యాంకు దొంగ గురించిన సినిమా చూశాము. అవ్వకు ఇంగ్లీషు రాదు. ప్రతి మాటనూ తెలుగులో చెప్పడం నా బాధ్యత.

"పని దొరక్క దొంగైనాడు పాపం. వాణ్ణి చంపరు కదప్పా?" అంటూ అవ్వ నా చేయి పట్టుకున్నది.

చివరకు పోలీసులు కాల్చారు. అతడు వీధిలో కూలిపోయాడు.

"గాయమే అవ్వా, ఆసుపత్రికి తీసుకుపోతున్నారు," అన్నాను. ఆ తరువాత ముప్పై యేండ్లు భాష బోధించిన నేను తెలిసి చేసిన తప్పుడు అనువాదం అదొక్కటే.

ఇంటికి నడుస్తూ అవ్వ అన్నది: "వానికి గుడ్డ కప్పింది నాకు కనపడలేదా అప్పా? అయినా నీవు చెప్పిన కథే బాగుండాది."