పొయ్యి వెలిగించని పూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో మేము ఐదుగురం కాక నలుగురు అమెరికన్లు కూడా ఉండేవారు. అన్నయ్య గది గోడల నిండా వాళ్ల పోస్టర్లే. అదొక రాక్ బ్యాండ్. పాడేవాడు ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టుండేవాడు. గిటార్లు వాయించే ఇద్దరూ జుట్టు దువ్వుకోగా నేనెప్పుడూ చూడలేదు. డ్రమ్స్ వాయించేవాడు ఒక్కడే ఫోటోల్లో నవ్వేవాడు. అన్నయ్యకి అతనంటే ప్రాణం. దేశం కాని దేశంలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో మా పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో అట్టపెట్టెలు బోర్లించి, అతనిలాగే దరువు వేస్తూ మా ప్రాణాలు తీసేవాడు.

ఆ డ్రమ్మర్ ఉన్నట్టుండి చనిపోయాడు. వార్త తెలియగానే అన్నయ్య గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. మర్నాడు కూడా తీయలేదు. పిలిస్తే పలకడు, మంచినీళ్లైనా ముట్టడు. ఆ గది కిటికీకి ఊచలు లేవు. అమ్మ తలుపుకి చెవి ఆనించి, లోపల మంచం కిర్రుమన్నప్పుడల్లా ఊపిరి పీల్చుకునేది. దేవుడికి దండం పెడదామన్నా ఏమని అడగాలో నాకు తెలియలేదు. నాన్నకి భయం వేస్తే కోపం వస్తుంది. "ముక్కూమొహం తెలీనివాడు పోతే నీకేంట్రా? ఎగ్జామ్స్ పెట్టుకుని ఈ డ్రామాలేంటి?" అని తలుపు బాదారు. లోపల అలికిడి కూడా ఆగిపోయింది.

అప్పుడు మా నానమ్మ వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపేసింది. మా గోదావరి వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్లే వండి తెస్తారు. కబురందుకున్న పక్కింటి ఆంటీ అన్నం, పప్పు, చారు పట్టుకొచ్చి, "ఎవరు పోయారు పెద్దమ్మా?" అని మెల్లగా అడిగింది.

"మా మనవడికి కావలసినవాడమ్మా," అంది నానమ్మ.

తర్వాత నానమ్మ అన్నయ్య గుమ్మం ముందు చతికిలబడి, పరామర్శకి వెళ్లినవాళ్లు అడిగినట్టే అడగసాగింది. "ఎన్నేళ్లురా ఆ అబ్బాయికి? తల్లి ఉందా? మిగతా ముగ్గురూ ఎలా తట్టుకుంటున్నారో పాపం." అందులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తిమ్మిరెక్కాయి. చివరికి తలుపు అవతల, నేల మీద నుంచే, అన్నయ్య గొంతు వినిపించింది.

"అమ్మ ఉంది నానమ్మా. ప్రతి షోకీ వచ్చేదంట." ఆ మాటతో బావురుమన్నాడు. గడియ తీసిన చప్పుడు వినగానే నాన్న గోడకి ఆనుకుని కూలబడిపోయారు.

నానమ్మ ముద్దలు కలిపి పెడుతుంటే అన్నయ్య ఆ నలుగురి గురించీ ఏడుస్తూనే చెప్పాడు. తేరుకోవడానికి నెలలు పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

నా జుట్టూ నెరిసింది. ఎవరైనా కుమిలిపోతుంటే, అది అంత ఏడవాల్సిన విషయమేనా అని నేను ఇప్పటికీ తూకం వెయ్యను. పోయినవాళ్ల గురించి చెప్పమని పక్కన కూర్చుంటాను. మాట్లాడుతున్నంతసేపూ ఆ కుమిలిపోయే మనిషి మన చేతికి అందినట్టే.