వెంగళప్ప నౌకను మద్రాసు వాళ్లు కొన్నారు

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో ఎవరైనా తల ఎత్తి ఆకాశం వంక చూశారంటే అది మబ్బు కోసమే తప్ప మరి దేనికోసమూ కాదు. రష్యా వాళ్లు కుక్కను రాకెట్టులో కూర్చోబెట్టి పైకి పంపారని పేపర్లో పడ్డప్పుడు కూడా మా వీధిలో ఒక పెద్దమనిషి "అంత పైకి పోయింది గదా, దానికి యాడన్నా వాన జాడ కనపడిందంటనా?" అని అడిగాడు. అలాంటి ఊళ్లో ఒక రోదసి నౌక కథ పుట్టి, జిల్లా అంతా తిరిగి, చివరకు మద్రాసు వాళ్ల చేతిలో పడి భ్రష్టుపట్టిందంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. (నమ్మకపోతే పోనీ. వాళ్లు నమ్మే సంగతులు నేనూ నమ్మడం లేదు.)

నేనప్పుడే ఎస్సెస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్నాను. మా నాయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన స్నేహితుడొకాయనకు ఊళ్లో చిన్న అచ్చాపీసు, అందులోంచి వెలువడే ఒక మాసపత్రిక ఉండేవి. ఆయన్ను నేను పెద్దనాయనా అని పిలిచేదాన్ని. చత్వారం ముదిరి అక్షరాలు అలుక్కుపోతుంటే, ఆయన ఒకరోజు మా ఇంటికొచ్చి "పాపకు కండ్లు బాగుండాయి గదప్పా, ప్రూఫులు చూస్తాది, పంపించు" అని నాయన్ను అడిగాడు. అలా నా విద్వత్తును చూసి కాకుండా కళ్లను చూసి నాకు ఉద్యోగమిచ్చారు. నేను మాత్రం తెలుగు సాహిత్యమంతా నా పెన్సిలు మొన మీదే నిలబడి ఉందనుకుని, జడ బిగించి వేసుకుని, దారిలో ఎవరినీ పలకరించకుండా ఆపీసుకు నడిచేదాన్ని.

ఆ పత్రికకు ప్రాణం ఒక సీరియలు. రాసేది గార్లదిన్నెలో లెక్కలు చెప్పే అయ్యవారు. జనం ఆయనకు పెట్టిన పేరు రాకెట్టయ్యవారు. ప్రతి నెలా ఒక శనివారం బస్సు దిగి, కథ కాగితాలను మడిచిన గొడుగులో దోపుకుని వచ్చేవాడు. (ఆ గొడుగు వానకు తడవగా నేను చూడలేదు.) ఆయన కథలో వజ్రకరూరు దగ్గరి రైతు వెంగళప్పకు చేలో ఒక వజ్రం దొరుకుతుంది. అందరిలా దాన్ని సేటుకు అమ్ముకోకుండా, ఆ వజ్రం వెలుతురు శక్తితో నడిచే నౌక ఒకటి కట్టి, దానికి మిణుగురు అని పేరు పెట్టి, మా జిల్లాకు నీళ్లు వెతకడానికి నలుగురు తోటి రైతులతో పైలోకాలకు బయల్దేరతాడు. ఒక గ్రహంలో బంగారు కొండలుంటాయి, ఇంకో గ్రహంలో రాళ్లు మాట్లాడతాయి. నీళ్లు మాత్రం ఉండవు. ప్రతి నెలా కథ చివర వెంగళప్ప పార కింద పెట్టి, నుదుటి చెమట తుడుచుకుని, "ఈడ గూడా లేదప్పా, పదండి" అంటాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం జనం నెలంతా కాచుకుని ఉండేవారు. కిరసనాయిలు అంగడి ముందు, సీట్లు లేని బస్సు ముందు, సంబంధం కుదరని పెళ్లిచూపుల తర్వాత, ఎక్కడ చూసినా "ఈడ గూడా లేదప్పా, పదండి." ధర్మవరంలో మగ్గాల ఇంటి అవ్వ ఒకామె చీర అంచులో మిణుగురు బొమ్మలు నేయించింది. టవర్ క్లాకు దగ్గర మిణుగురు సోడా బండి వెలిసింది. మా అమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. పైన దేవుడు ఉంటాడు, ఆయన ఇంటి ముందర గుంతలు తవ్వడమేమిటని ఆమె బాధ.

ఇలా ఉండగా కాగితానికి కరువొచ్చింది. మద్రాసులో కాగితం కోటా దండిగా ఉన్న ఒక కంపెనీ వాళ్లు చిన్న పత్రికలను వరసగా కలిపేసుకుంటూ మా దాకా వచ్చారు. వాళ్లకు అప్పటికే ఒక భక్తి మాసపత్రిక, ఆడవాళ్లను ఏడిపించడానికి ఒక వారపత్రిక ఉన్నాయి. వాళ్ల మేనేజరు తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలతో కారు దిగి, మా ఆపీసులో కుర్చీని రుమాలుతో తుడుచుకుని మరీ కూర్చున్నాడు. "దీన్ని కొనడం అనకండి. ఇది విలీనమండీ. నదులు వెళ్లి సముద్రంలో కలవడం లేదూ, అలాగన్నమాట!" అన్నాడు. పెద్దనాయన "మా పెన్నేరు సముద్రం దాకా పోయేది యాడ స్వామీ, దోవలోనే ఇసకలో ఇంకిపాయ" అన్నాడు. ఆ పెద్దమనిషికి అర్థం కాలేదు. మాకు మాత్రం ఆయన పేరు విలీనం దొర అయి కూర్చుంది. కాగితం లేకపోతే పత్రికే లేదు కనుక పెద్దనాయన సంతకం పెట్టాడు. మద్రాసులో వాళ్ల మిషన్లు ఖాళీ అయ్యేదాకా అచ్చు మా దగ్గరే వేయాలని, కథ ఎలా ఉండాలో మాత్రం వాళ్లు చెబుతారని ఒప్పందం.

ఆ చెప్పడం ఎలా ఉండేదో వినండి. వెంగళప్ప అంటే కోస్తా జిల్లాల్లో తెలివితక్కువవాడికి పెట్టే పేరట, కాబట్టి నాయకుడి పేరు విజయకుమార్ కావాలట. (మా జిల్లాలో ఊరికి పదిమంది వెంగళప్పలున్నారు. అందులో ఒకాయన జిల్లా బోర్డు మెంబరు కూడా.) "చేసినాడు, పోయినాడు" అనే మాటలు పాఠకుల పంటికింద రాళ్లట, అన్నీ "చేశాడు, వెళ్లాడు" చేయాలట. ఇక పైలోకాల్లో ఎక్కడా నీళ్లు లేకపోవడం మనసుకు ఉత్సాహం కలిగించదు కాబట్టి ప్రతి గ్రహంలో ఒక జలపాతం, దాని పక్కన పాట పాడే ఒక కన్య ఉండాలట! జలపాతం పక్కన నిలబడి నీళ్లు వెతికేవాణ్ణి ఏమంటారో విలీనం దొరకే తెలియాలి. ఆ మనిషికి అదేమీ పట్టలేదు. ఆయనకు కథ అంటే గోనెసంచి. ఏది దోపినా పడుతుందనుకునేవాడు.

రెండో నెల అంతకన్నా ఘోరం. ఏడుపు వారపత్రికలో ఒక గయ్యాళి అత్తగారు, కోడలు ఉండేవారు. వాళ్లిద్దరినీ తెచ్చి నౌకలో ఎక్కించమన్నారు. కథ సగంలో ఆపి, "అంగారకుడి మీద విజయకుమార్‌కు ఎదురైన జటాధారి ఎవరో తెలియాలంటే మా భక్తి పత్రిక చూడండి" అని వేయమన్నారు. భక్తి పత్రికలో చూస్తే ఆ జటాధారి నాలుగు పేజీలు ప్రవచనం చెప్పి, "కోడలు ఎందుకు ఏడ్చిందో మా వారపత్రికలో చదవండి" అని ముగించాడు. ఒక్క కథ కోసం మూడు పత్రికలు కొనాలన్నమాట. సోడా బండివాడు దారిలో నన్ను ఆపి, "ఏం పాపా, వెంగళప్పను యాడికి తోలేసినారు? ఈ విజయకుమారు ఎవురు? వానికి పార పట్టుకోను వస్తాదా?" అని నిలదీశాడు. తల దించుకున్నాను. అక్షరం అక్షరం దిద్దింది నేనే గదా.

రాకెట్టయ్యవారు అన్నీ భరించాడు. అత్తగారు నౌక నడిపే చక్రం పట్టుకుని కోడల్ని తిట్టే ఘట్టం రాయమన్నప్పుడు మాత్రం కాగితం పక్కన పెట్టేశాడు. "పాపా, వెంగళప్పను నేను వదులుకోలేను. వీళ్లు వాణ్ణి బతకనీరు. ఏం చేద్దాం చెప్పు" అన్నాడు. సొంత తమ్ముడు జైల్లో పడ్డట్టు మాట్లాడాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నౌకను పగలగొట్టేయండి అయ్యవారూ. నౌకే లేకపోతే అత్తగారు యాడ ఎక్కుతాది?" అన్నాను. పెద్దనాయన అచ్చు మిషను వెనకనుంచి, "నాకు కండ్లు సరిగా కనపడవప్పా. మీరేం అచ్చేసినా నాకు తెల్దు" అన్నాడు.

అయ్యవారు అక్కడే బల్ల మీద కూర్చుని రాశాడు. అందులో విజయకుమారూ లేడు, జటాధారీ లేడు. వెంగళప్ప ఒక చిన్న గ్రహం మీద దిగి పార వేస్తాడు. మట్టి తడి తగులుతుంది. ఇంకో పార వేస్తాడు. ఊట. అరచేత్తో తాగి, నోరు తుడుచుకుని, వెనక్కి తిరిగి "ఈడ ఉండాదప్పా" అంటాడు. నౌక విప్పి, ఆ రేకులతో పశువులకు తొట్లు చేసి, చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, నాటుకుని అక్కడే ఉండిపోతాడు. తన జనాన్ని పిలిపించుకోడానికి వేరే దారి ఉందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు అయ్యవారు. ప్రూఫు చూస్తూ "చేసినాడు" దగ్గరల్లా నా పెన్సిలు ఆగింది, దిద్దకుండా ముందుకు పోయింది. ఆ ఉద్యోగంలో నేను చేసిన గొప్ప పని ఏదైనా ఉందంటే ఆ దిద్దకపోవడమే.

సంచిక బయటికి పోయిన వారానికే విలీనం దొర మండిపడుతూ వచ్చాడు. విలీన మహోత్సవమని పాఠకుల సభ ఒకటి అప్పటికే చాటించి ఉన్నాడు. ఒక సినిమా హాల్లో పొద్దుటి పూట సభ. ధర్మవరం అవ్వ మిణుగురు అంచు చీర కట్టుకుని, కోడలిని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. (చదివి వినిపించేది కోడలే. వాళ్లిద్దరూ ఎప్పుడూ పోట్లాడుకోకపోవడం మద్రాసు కంపెనీకి తెలిస్తే గుండె ఆగేది.) దొర మైకు ముందు నిలబడి, "పాఠక మహాశయులారా, దిగులు పడకండి. నౌక మళ్లీ ఎగురుతుంది. వచ్చే సంచికలో విజయకుమార్ కొత్త లోకాలకు బయల్దేరతాడు!" అన్నాడు. చప్పట్ల కోసం ఆగాడు. అవ్వ లేచింది.

"ఏమప్పా, నీళ్లు దొరికినాక మళ్లీ యాడికి పోతాడు వాడు?"

దొర నవ్వి, "కథన్నాక కొనసాగాలి కదండీ అమ్మమ్మగారూ! ఆ నీళ్లు ఇంకిపోయాయనుకోండి..." అన్నాడు.

"ఎవురప్పా నువ్వు, వాని నీళ్లు ఇంకిస్తానంటాండావు? మా బాయిల్లో ఇంకినవి చాల్లేదా నీకి? ఇన్నేండ్లు తిరిగి తిరిగి తాగినాడు వాడు. కూచోనీ!"

వెనక వరసలోంచి సోడా బండివాడు "ఈడ గూడా లేదప్పా, పదండి" అని లేచాడు. ఒకరి వెనక ఒకరు జనమంతా లేచి, నవ్వుకుంటూ బయటికి నడిచారు. ఖాళీ కుర్చీల ముందు విలీనం దొర మైకు పట్టుకుని నిలబడిపోయాడు. రాకెట్టయ్యవారు తలుపు దగ్గర అవ్వకు రెండు చేతులూ జోడించాడు. ఆమె ఆయనెవరో తెలియక, పక్కకు జరగమంది.

గెలిచామనుకున్నాం. ఆ మర్నాడే అచ్చు పని మద్రాసుకు వెళ్లిపోయింది, దాంతో నా ఉద్యోగమూ పోయింది. పెద్దనాయన శుభలేఖలు వేసుకుంటూ కూర్చున్నాడు. మద్రాసు సంచికలో మొదటి వాక్యంలోనే నీళ్లు ఇంకిపోయాయి, తొట్లు మళ్లీ నౌక అయ్యాయి, అత్తగారు ఎక్కింది. పేరు, నౌక, నక్షత్రాలు అన్నీ కంపెనీవేనని, అయ్యవారికి వాటితో సంబంధం లేదని తేల్చారు. ఏడాది తిరిగేలోపు ఆ కంపెనీనే తలనూనె వ్యాపారి ఒకాయన కలిపేసుకున్నాడు. ఆ సముద్రంలో విలీనం దొర కూడా అడ్రసు లేకుండా కలిసిపోయాడని విని, మా పాత ఆపీసులో జనం మిణుగురు సోడా తెప్పించుకుని తాగారు. ఆ తర్వాత శనిగ్రహం మీద విజయకుమార్ ఫలానా నూనె రాసుకుని తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు.

నేను టీచర్ ట్రైనింగు ముగించి సోమందేపల్లెలో పనిలో చేరాక, ఒక సెలవురోజు గార్లదిన్నె పోయి అయ్యవారిని చూశాను. కాస్త వంగినాడు గానీ గొంతు అదే. "మద్రాసు వాళ్ల మిణుగురు చదువుతాండారా?" అని అడిగాను.

"ఛీ ఛీ, చేత్తో ముట్టను పాపా. నువ్వు?"

"నేనా? యాడన్నా కనపడితే అట్ల తిరగేస్తా, అంతే" అన్నాను. ఆ తర్వాత ఆ కథ ఎంత దరిద్రంగా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. నూనె సీసా పేలి నౌకకు కన్నం పడటం, కోడలు ఏడిస్తే ఆ కన్నీళ్లతో ఇంజను చల్లబడటం, జటాధారి అసలు విజయకుమార్ తండ్రే కావడం, అన్నీ తిడుతూ, చేతులు ఊపుతూ, నెల వెనక నెల చెప్పుకుపోయాను. ఆయన "థూ", "వీళ్ల ముఖం మండ" అంటూ వింటున్నాడు. పొద్దు వాలింది. ఆయన భార్య రెండోసారి కాఫీ తెచ్చి పెట్టింది. నా బస్సు వేళయిందని లేచాను.

"నిల్లు నిల్లు" అన్నాడు అయ్యవారు. "ఆ అత్తగారు శని వలయాల్లో తప్పిపోయిందంటివి గదా. దొరికిందా?"

"అది వచ్చే నెల తెలుస్తాది అయ్యవారూ."

ఆయన ఒకసారి వాకిలి వంక, ఒకసారి నా వంక చూసి, గొంతు తగ్గించి "అట్లయితే వచ్చే నెల గూడా వచ్చిపో పాపా" అన్నాడు. వెళ్లాను. ఆ నెల, ఆ పై నెలలు కూడా. ఒక్క సంచికైనా తప్పిపోకుండా దుడ్లిచ్చి కొని, బస్సులో తిట్టుకుంటూ చదివి, వాకిట్లో కూర్చుని ఆయనకు తిట్టి చెప్పేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. అంత చెత్త కథకు మా ఇద్దరంత భక్తి గల పాఠకులు మద్రాసులో కూడా దొరికి ఉండరు.