గంప దించని సంత

నా చిన్నప్పుడు ఒక వేసవంతా మా ఊరి సంతలో ఎవరికీ కాలు నిలవలేదు. అమ్మేవాళ్లు నెత్తిన గంపలతో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాళ్లు, కొనేవాళ్లు వాళ్ల వెంట పడేవాళ్లు. నాకు అదంతా తమాషాగా ఉండేది. మా తాతయ్యకు మాత్రం సంత జరిగే శనివారం వస్తోందంటే అన్నం సహించేది కాదు. వాళ్లనలా తిప్పుతున్నది ఆయన పెట్టిన నిబంధనే మరి.

మాది ముసునూరు దాటాక మామిడితోటల మధ్య ఊరు. తాతయ్య సర్పంచి, మా చర్చికి సంఘపెద్ద కూడా. మనిషి చాలా మంచివాడు, అసలు చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. ఎండలో మాడిపోతున్న సంతవాళ్లకు రేకుల షెడ్డు వేయించాలని ఆయన పంతం. దానికి డబ్బు కావాలి. సంతలో అమ్ముకునేవాళ్ల దగ్గర పంచాయతీ తరఫున వసూలు చేసే రుసుమును ఆశీలు అంటారు. ఏటా వేలం పెట్టి, హెచ్చుగా పాడినవాడికి ఆ వసూలు హక్కు ఇస్తారు. ఆ ఏడు తాతయ్య పాట బాగా పెంచించాడు. పాడినవాడు నష్టపోకుండా, గంప నేలకు దించగానే ఆశీలు కట్టాలని తీర్మానమూ చేయించాడు. అంతకుముందు సరుకు అమ్ముడయ్యాక, సాయంత్రం ఇళ్లకు వెళ్లేటప్పుడు కట్టేవాళ్లు.

దాంతో జనం గంపలు దించడమే మానేశారు. కొందరు రెడ్డిగూడెం వైపు సంతలకు మళ్లిపోయారు. వారం వారం మా సంత పలచబడుతుంటే, మామిడి కోతలు పూర్తయ్యేలోపు అది ఎత్తిపోవడం ఖాయమని ఊరంతా అనుకుంది. తాతయ్యకూ ఆ సంగతి తెలుసు. అయినా దిగిరాడు. వాళ్ల మంచికే చేస్తుంటే అర్థం చేసుకోరేమని వరండాలో పచార్లు చేసేవాడు, మధ్యలో మా మీద విసుక్కునేవాడు.

ఒక శనివారం నాయనమ్మ, మామిడికాయ వేసి ఎండు మెత్తళ్లు వండుతాను, కొనడానికి మీరూ రండని ఆయన్ని బయల్దేరదీసింది. నేనూ వెంటపడ్డాను. వడగాలి కొడుతోంది. ఎండుచేపలమ్మే పెద్దావిడ ఎదురైతే నాయనమ్మ ఆపి, గంపలోంచి నాలుగు దోసిళ్లు చేటలోకి తీయించింది. తర్వాత తాతయ్య వైపు తిరిగి తాపీగా అంది.

"ఏవండీ, ఈవిడ గంప కాసేపు మీరు పట్టుకోండి. కింద పెడితే ఆశీలు కట్టాలంట. నేను మెత్తళ్లు ఏరుకోవాలి."

పదిమంది చూస్తున్నారు. కాదనలేక ఆయన గంప నెత్తికెత్తుకున్నాడు. నాయనమ్మ ఒక్కో చేపనీ తిప్పి చూస్తూ, పెద్దావిడ కోడలి కాన్పు గురించి, కోడలి పుట్టింటివాళ్ల గురించి అడగడం మొదలుపెట్టింది. తాతయ్య ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి మారుతున్నాడు. చెమట కళ్లలోకి దిగుతోంది, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఇక చాలని రెండుసార్లు అన్నాడు. నాయనమ్మకు వినపడలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, కాసేపటికి ఆయన మెడ నరాలు చూసి భయమేసింది. ఆఖరికి ఆయన గంప దించేశాడు.

వెంటనే ఆశీలు వసూలు చేసేవాడు వచ్చాడు. ఆ వారమే పనిలో చేరిన పొరుగూరి మనిషి, తాతయ్యను ఎరగడు. గంప దించారు కదా, కట్టండి అన్నాడు.

"ఇంకా ఏమీ అమ్మలేదయ్యా," అన్నాడు తాతయ్య, అప్రయత్నంగా.

"అమ్మినా అమ్మకపోయినా కట్టాలండి. సర్పంచి గారి రూలు."

చుట్టూ ఎవరూ నవ్వలేదు. తాతయ్య జేబులోంచి తీసి కట్టాడు. తర్వాత పెద్దావిడతో, షెడ్డు మీకోసమేనమ్మా అని గొణిగాడు. ఆవిడ గంప సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"మాకోసమేనని అందరూ అంటున్నారండి. కావాలా అని మాత్రం ఎవరూ అడగలేదండి."

ఇంటికొచ్చాక ఆయన కూర బాగుందో లేదో కూడా చెప్పలేదు. తర్వాతి పంచాయతీ సమావేశంలో నిబంధన ఎత్తేయించి, పాట తగ్గించాడు, షెడ్డు ఆలోచనా మానుకున్నాడు. షెడ్డు డబ్బులు మింగేశాడని కొందరు పుకారు లేపారు. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆ ఓటమి ఆయన్ని చాలా బాధపెట్టింది, అది నేను కళ్లారా చూశాను. కానీ సంత మాత్రం నిలిచింది. వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చి, చింతచెట్ల నీడన గంపలు దించుకున్నారు.

ప్రభుత్వం ఏమీ చేయకూడదనేంత మొండిదాన్ని కాను. రోడ్డు వేస్తే సంతోషిస్తాను, వీధిదీపం వెలగకపోతే పోట్లాడతాను. కానీ ఈమధ్య మా వీధిలో తోపుడుబళ్లవాళ్లందరినీ వాళ్ల మేలుకోసమే ఊరవతలికి మారుస్తామని అధికారులు సభ పెట్టి చెబుతుంటే, అందరూ చప్పట్లు కొడుతుంటే, నేను కూర్చోలేకపోయాను. లేచి వచ్చేశాను. ఈ వయసులో ఈవిడకెందుకని వెనక ఎవరో అన్నారు. అననివ్వండి. ఆ సాయంత్రం మోకాళ్ల నొప్పులతోనే బండి బండికీ వెళ్లి అడిగాను, మీకిది కావాలా అని.