ఊల్కాన్ వద్దన్న పొగడ్త

కొచ్‌కోర్ అనే ఊళ్ళో భూకంపం వచ్చిన రోజు ఊల్కాన్ వాళ్ళ ఇల్లు నిలబడింది, పక్కింటి వాళ్ళది కూలింది. రెండూ ఒకే మట్టితో ఒకే మేస్త్రి కట్టినవి. ఎందుకిలా జరిగిందని అప్పటికి చిన్నపిల్ల అయిన ఊల్కాన్ అడిగితే పెద్దవాళ్ళు అల్లా దయ అన్నారు. ఆ జవాబు ఆమెకు చాలలేదు. ఇంజనీరింగ్ చదివి, రాజధాని బిష్కెక్‌లో ఒక పరిశోధనా సంస్థలో చేరింది. మట్టి గోడల్ని కదిలే బల్ల మీద నిలబెట్టి, ఎంత ఊపితే పగులుతాయో చూడడమే ఉద్యోగమైంది. పెళ్ళయి కూతురు పుట్టాక జపాన్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. సీటు రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ పెట్టింది. అప్పుడూ రాలేదు.

మూడోసారి సిద్ధమవుతుంటే సంస్థ డైరెక్టరు పిలిచాడు.

"సిఫార్సు లేఖ కావాలన్నావటగా. నువ్వే రాసుకురా, సంతకం పెడతాను. కాస్త దంచి రాయి."

అక్కడ అందరూ చేసే పనే అది. ఊల్కాన్ రాయడానికి కూర్చుంది గానీ 'అసాధారణ ప్రతిభ' దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంకొకరి గొంతుతో తనను తానే పొగుడుకోవడం సిగ్గనిపించింది. మర్నాడు వెళ్ళి చెప్పేసింది.

"నా వల్ల కాదండీ. నా పని మీకెలా అనిపించిందో మీరే నాలుగు ముక్కలు రాయండి."

"నీ పని చూసే తీరిక నాకెక్కడిది?" అనేసి ఆయన నాలుక్కరుచుకున్నాడు. ఆ వెంటనే ముఖం ఎర్రబడింది. "ఇంత పొగరు పనికిరాదు. రెండుసార్లు వద్దన్నారు, మూడోసారీ అంటారు చూడు."

ఆమె తిన్నగా సాతర్‌కుల్ ఇంటికి వెళ్ళింది. ఒకప్పుడు ఆమె చేత పని చేయించిన పెద్ద ఇంజనీరు ఆయన. ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

"అన్నా, లేఖ రాసిపెట్టు. ఉన్నది ఉన్నట్టు రాయి."

"తడి ఇటుకల సంగతి కూడానా?"

"అదీ రాయి."

ఒకసారి ఊల్కాన్ సరిగా ఆరని ఇటుకలతో పరీక్ష చేసి, లెక్కలు పైకి పంపేసింది. తప్పు ఎవరూ పట్టలేదు. తనే పసిగట్టి, తనే వెళ్ళి చెప్పి, వేసవంతా ఎండలో కొత్త ఇటుకలు పోసి పరీక్షలన్నీ మళ్ళీ చేసింది. సాతర్‌కుల్ అప్పుడు ఆమెను చెడామడా తిట్టాడు కూడా.

సంగతి విని అత్తగారు బూర్మా నెత్తి కొట్టుకుంది. "సొంత తప్పుని సముద్రాలు దాటించే పిచ్చిది నా ఇంటికే కోడలై రావాలా!"

ఇంటర్వ్యూలో కంప్యూటరు తెర మీద కనిపించిన ముసలి జపాన్ ప్రొఫెసరు లేఖలోని ఆ తప్పు గురించే మొదలుపెట్టాడు.

"మీరు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదండీ."

"మరెందుకు చెప్పారు?"

"ఆ లెక్కలు నమ్మి ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుంటారు కదా."

ఆయన ఇటుకలు ఎలా ఆరబెట్టారో అడిగాడు. ఆ మాటల్లో పడి ఇచ్చిన సమయం దాటిపోయిన సంగతి ఇద్దరూ గమనించలేదు.

మంచు కరిగే రోజుల్లో సీటు వచ్చినట్టు కబురందింది. భర్త మెదెర్‌బెక్ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. బూర్మా అప్పటికే చెప్పులేసుకుని బజారుకు బయల్దేరింది.

"మా కోడలు జపాన్ వాళ్ళకి గోడలు కట్టడం నేర్పడానికెళ్తోంది!"

"నేర్పడానికి కాదత్తయ్యా, నేర్చుకోడానికి."

"నువ్వూరుకో. బజార్లో ఏం చెప్పాలో నాకు తెలుసు."

ఆదివారం గొర్రెను కోసి బంధువుల్ని పిలిచారు. కోడలు గుమ్మం పక్కన కూర్చుని అందరికీ గిన్నెల్లో టీ పోయడం ఆ ఇంటి పద్ధతి. ఊల్కాన్ అలవాటుగా టీ కాచే సమోవార్ దగ్గరికి వెళ్ళింది. బూర్మా ఆమె భుజం పట్టి లేపి, గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోటికి తీసుకెళ్ళి సాతర్‌కుల్ పక్కన కూర్చోబెట్టింది. ఒక మామయ్య నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపేసింది. తర్వాత తను గుమ్మం పక్కకు వచ్చి, మొదటి గిన్నెలో టీ పోసి కోడలికి పంపింది.