అబిలియో పోస్టరులో పద్నాలుగు పొరలు

పొద్దున్నే మున్యా ఆకుల టీ రెండు కప్పుల్లో పోసేదాన్ని. ఒకటి నాకు, ఒకటి కంప్యూటరు ముందు కూర్చున్న మా ఆయన అబిలియోకి. ఇప్పుడూ రెండు కప్పులే పోస్తున్నాను. రెండోదీ నేనే తాగుతాను, ఆయన కుర్చీలో కూర్చుని. మా ఊరు హువాన్‌కాయో కొండల మీది మంచు కిటికీలోంచి మెల్లగా ఇంట్లోకి నడిచి వస్తున్నట్టుంటుంది.

ఆయన పోస్టర్ల మనిషి. పదిహేనేళ్లకే సున్నం గోడల మీద పాటగత్తెల పేర్లు కుంచెతో రాసేవారు, ఒక్కో అక్షరం మనిషంత. రంగుల వాసన పడక దగ్గు పట్టుకున్నాక కంప్యూటరు కొన్నారు. బొమ్మలు గీసే ప్రోగ్రాం మాత్రం కొనేది కాదట, నెలనెలా అద్దె కట్టాలట. ఒక్కోటి ఎనభై సోళ్లు. ఆయనకు మూడు కావాలి. ఇరవై ప్రోగ్రాంలు కలిపిన కట్ట అయితే రెండొందల పదే.

"సంతలో దుంపలమ్మే ఆవిడ గుప్పెడు కొసరు వేస్తుంది. వీళ్లు పదిహేడు వేశారే, సెనైదా!" అని మురిసిపోయారు.

"కొసరుకి ఎక్కడైనా డబ్బు తీసుకుంటారా?" అన్నాను.

ఆ పదిహేడులో సంగీతం చేసేది సరదాకి నాకిచ్చేశారు. సినిమాలు అతికేది మా ఎర్రకోడికి. పదకొండేళ్లలో ఆ పదిహేడూ ఎవరూ తెరవలేదు.

ఆయన పోయి నాలుగు నెలలు. కట్ట మానుకోవాలంటే ఇవాళే ఆఖరు, దాటితే ఇంకో ఏడాది కట్టాలి. ఆదివారం సంతకు పోతూ మా ఆడపడుచు నార్మా ఆగింది.

"పిచ్చా వదినా నీకు? మేజోళ్లు అల్లి అమ్మి దీనికి అద్దె కడతావా?"

తనే కంప్యూటర్లో కట్ట మానుకునే పేజీ తెరిచింది. ఎందుకు మానేస్తున్నారని అడిగింది అది. ఖరీదెక్కువ, వాడటం లేదు, వేరేది దొరికింది. మా కారణం అందులో లేదు. నార్మా 'వాడటం లేదు' నొక్కింది. వెంటనే, రెండు నెలలు ఉచితం, ఉండిపొమ్మంది.

"చూశావా! నాలుగడుగులు వేయగానే వెనక్కి పిలిచే సంతావిడే ఇది."

"ఆయన చివరి పోస్టరు అందులోనే ఉంది కదా. అద్దె మానేస్తే అది ఇక తెరుచుకోదు."

"ఇదిగో, మామూలు ఫొటోలా దాచిపెట్టాను, చూడు."

చూశాను. పసుపు ఆకాశం, గులాబి అక్షరాలు, సాక్సఫోన్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కటే రేకు. అసలు దాంట్లో ఒకదాని మీద ఒకటి పరిచిన పద్నాలుగు పొరలు, ఒక్కోదానికి ఆయన పెట్టిన పేరు. గీస్తున్నప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంటే అదే ఆ పొర పేరు. 'వాన'. 'టీ చల్లారింది'. 'సెనైదా పాడుతోంది, కదలొద్దు'.

"నీ పేరుతోనూ ఒకటుంది."

"ఏమని?"

"'నార్మా వచ్చింది, ఇక పని సాగదు'."

పకపకా నవ్వింది, తర్వాత శాలువా కొసతో కళ్లు తుడుచుకుంది.

"ఆ పేర్లు కాగితం మీద రాసుకో వదినా."

"రాసుకున్నాను. 'వాన' మీద నొక్కితే ఆకాశం వెళ్లిపోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. కాగితం మీద రావడం లేదు."

"పోనీ, గీసేది ఒక్కటే ఉంచుకో. ఎనభైతో పోతుంది."

"మరి కోడి సినిమా ఎవరు తీస్తారు?"

"నేనొచ్చేసరికి నొక్కేసి ఉండాలి," అని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

'ముగించు' అన్న మీట తెర మీద వెలుగుతోంది. పెద్ద ఊలు ఉండ ఒళ్లోకి తీసుకున్నాను. నెలకు నాలుగు జతల మేజోళ్లు ఎక్కువ అల్లాలి. రెండో కప్పు ఇంకా వేడిగానే ఉంది. ఆ మీట జోలికి పోలేదు.